కేన్సర్ పేరిట వ్యాపారం – కార్మిక సంఘాల కర్తవ్యం

కార్మిక ఉద్యమానికి రోగాలతోను, మందులతోను పనేమిటని కొందరు మిత్రులు అడుగవచ్చును. కరువు భత్యంలో ఒక వాయిదా ఎగవేస్తే ధర్నాకు కూర్చునే మనము, ముప్పై ఏండ్ల ప్రావిడెంట్ ఫండ్ మూడు నెలలలో పొడిమందు పొట్లాలకు కరిగిపోతుంటే మౌనం వహించుట న్యాయమా? ఇది కూడా దోపిడీయే. పైగా సొమ్ముతో పాటు ప్రాణాన్ని కూడా హరించే దోపిడీ.

ఈ వ్యాపారం నేడు నాటువైద్యుని అరుగు మీద సాగుట లేదు. "రీసెర్చి", "ఫౌండేషన్", "సేవా ట్రస్టు" అనే పేర్లు తగిలించుకొని, ఉచిత శిబిరాలతో, కరపత్రాలతో, ఫోనులలో తిరిగే వీడియోలతో మన కాలనీలకు వస్తున్నది. కోలుకున్నామని చెప్పేవారి ఫోటోలు అచ్చు వేస్తారు. వారు అంతకు మునుపే ఆపరేషన్ చేయించుకున్న సంగతి చెప్పరు. మరణించినవారు సాక్ష్యం చెప్పజాలరు గనుక వారి లెక్క ఎవరికీ అందదు.

ఇది మన దేశానికే పరిమితమైన జాడ్యం కాదు. అమెరికాలో ఆప్రికాట్ గింజల నుండి వచ్చిన "లేట్రిల్" అనే పదార్థం కోసం 1972లో ఒక సంఘమే వెలసినది. "ఎంపిక స్వేచ్ఛ" దాని నినాదం. ఆ ఒత్తిడికి లొంగి 20కి పైగా రాష్ట్రాలు దానిని అనుమతించినవి. తుదకు 178 మంది రోగులపై జరిపిన పరీక్షల ఫలితాలు 1982లో వెలువడినవి. మేలు కానరాలేదు, పైగా కొందరి రక్తంలో సయనైడ్ ప్రమాదస్థాయికి చేరువైనది.

2024 నవంబరులో మాజీ పార్లమెంటు సభ్యుడు నవజోత్ సింగ్ సిద్ధూ తన భార్య కేన్సర్ నయమగుటకు పసుపు, వేప, నిమ్మరసంతో కూడిన ఆహార నియమం తోడ్పడినదని ప్రకటించగా, బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన 262 మంది ప్రస్తుత, పూర్వ వైద్య నిపుణులు సంతకాలతో ప్రజలను హెచ్చరించవలసి వచ్చినది. ఆమెకు ఆపరేషన్, కీమోథెరపీ కూడా జరిగినవని వారు గుర్తుచేసినారు. ఆ నియమం వైద్యులతో సంప్రదించి పాటించినదేనని సిద్ధూ తరువాత వివరణ ఇచ్చినారు. కాని మొదటి మాట చేరినంత దూరం వివరణ చేరదు.

ఆలస్యానికి మూల్యమెంతో కూడా తెలిసినదే. వ్యాధి ఇతర అవయవాలకు పాకక మునుపే ప్రత్యామ్నాయ చికిత్సను మాత్రమే ఎంచుకున్న 281 మంది రోగులను పరిశీలించి, ఇతరులకంటె వారికి మరణించే ప్రమాదం సుమారు రెండున్నర రెట్లని 2018లో అమెరికా పరిశోధకులు ప్రకటించినారు.

మేము చెట్టుచేమలకు విరోధులము కాము. మన పెరటిలోని బిళ్ళగన్నేరు నుండి తీసిన విన్‌క్రిస్టిన్ నేడు రక్త కేన్సర్‌కు వాడబడుతున్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం రూపొందించిన మందుతోనే 1948లో డాక్టర్ ఫార్బర్ పిల్లల రక్త కేన్సర్‌ను తాత్కాలికంగానైనా అదుపు చేయగలిగినారు. పరీక్షకు నిలిచినది ఏదైనా మందే. పరీక్షకు వెనుదీసేదానిని సంప్రదాయమని సమర్థించుట తగదు.

అయితే మన సోదరులు ఆ వాకిళ్ళ కేల పోతున్నారు? అజ్ఞానమొక్కటే కారణం కాదు. రిఫరల్ కాగితానికి వారాలు, రీయింబర్సుమెంటుకు నెలలు పట్టినప్పుడు, డాక్టరు రెండు నిముషాలైనా కూర్చోబెట్టి మాట్లాడనప్పుడు, చేయి పట్టుకొని "నయమవుతుంది" అనేవాడే దేవుడుగా కనిపిస్తాడు. గ్రామీణ డాక్ సేవకులకైతే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమే వర్తించదు. మోసగానిని నిందించి పాలకులను విడిచిపెట్టుట సగం పని మాత్రమే. కేన్సర్ అనుమానమున్న ప్రతి కేసుకు తక్షణ రిఫరల్, డాక్ సేవకులకు పూర్తి వైద్య సదుపాయం, నొప్పి తగ్గించే ఉపశమన చికిత్స – ఇవి మన కోర్కెల పత్రంలో ఉండవలసినవి.

జంషెడ్‌పూర్‌లో 1975 నుండి మెహర్‌బాయి టాటా స్మారక కేన్సర్ ఆసుపత్రి ఉన్నది. రక్త కేన్సర్‌తో 1931లో మరణించిన మెహర్‌బాయి పేరు దానికి పెట్టబడినది. విశాఖపట్నంలో హోమీ భాభా ఆసుపత్రి, హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉన్నవి. చికిత్సకు వెళ్ళే రోగికి స్లీపరు, త్రీటైరు ఏసీ తరగతులలో పూర్తి రాయితీ ఉన్నదని కౌంటరు వద్ద కూర్చునే మన సోదరులకు తెలుసు. ఇరుగుపొరుగుకు తెలుపవలసినది కూడా వారే.

1954 నాటి మాయమందుల ప్రకటనల నిషేధ చట్టం తన జాబితాలో కేన్సర్‌ను చేర్చినది. నయం చేస్తామని ప్రకటించుటయే నేరం. కనుక టాటానగర్ శాఖతో సహా ప్రతి శాఖ ఈ తీర్మానం చేయవలెనని కోరుతున్నాము: ఇటువంటి సంస్థలకు యూనియన్ హాలు ఇవ్వరాదు, సావనీరులో వారి ప్రకటన, ఎంత సొమ్ము ఇచ్చినా, వేయరాదు. కరపత్రం చేతికి వస్తే డ్రగ్స్ అధికారికి ఫిర్యాదు పంపవలెను. రోగి ఉన్న కుటుంబానికి మొదటి వారంలోనే ఒక కార్యకర్తను పంపి, కాగితాల పని యూనియనే చేయవలెను. మనము ముందుగా తలుపు తట్టిననాడు ఆ వ్యాపారికి అక్కడ చోటుండదు.