సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలి?

విశాఖలో ‘రెడ్ అలర్ట్’ అంటే తెలియనివారు లేరు. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడితే చాలు, పోర్టులో ప్రమాద హెచ్చరిక నంబరు ఎగరేస్తారు, జాలర్లు వేట మానుకుంటారు, కలెక్టరు బడులకు సెలవు ప్రకటిస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నగరాన్ని ఊడ్చేసినా ప్రాణనష్టం ఆ గాలుల తీవ్రతకు తగ్గ స్థాయిలో లేదంటే, జనాన్ని ముందే తీరం నుంచి తరలించబట్టే. ఎవరు ఏం చేయాలో ఖాయమై ఉంది గనుకనే ఆ రెండు మాటలకు అంత విలువ.

ఫ్యాక్టరీ గోడ పక్కన బతికేవారికి ఆ భాగ్యం లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి నిద్రలో ఉన్న ఇళ్ల మీదికి పాకింది. గాలికన్నా బరువైనది కాబట్టి నేలబారునే వ్యాపించింది. సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. ఆ కమిటీ లెక్కలో మృతులు 12 మంది. నిబంధనలు లేక జరిగిన ఘోరం కాదిది. ప్రమాదం ఎలాంటిదో, అప్పుడేం చేయాలో చుట్టుపక్కల జనానికి ముందే చెప్పాలనీ, ఏడాదికోసారైనా ఫ్యాక్టరీ బయట కూడా రిహార్సల్ జరపాలనీ 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలే చెబుతున్నాయి.

అర్ధరాత్రి సైరన్ మోగిస్తే జనం బెదిరి తొక్కిసలాట జరుగుతుందని కొందరి వాదన. మోగించని ఆ రాత్రి మాత్రం జనం పరుగెత్తలేదా? చీకట్లో, ఎటు పోవాలో తెలియక, విషగాలికి ఎదురే పరుగెత్తి రోడ్ల మీద కుప్పకూలారు. ఇప్పుడు సెల్‌ఫోన్లకే హెచ్చరికలు వస్తున్నాయిగా అన్నది మరో మాట. తుపానుకు అవి భేష్, దానికి రోజుల వ్యవధి ఉంటుంది. గ్యాస్‌కు ఉండేది నిమిషాలు; అధికారులకు కబురంది, సందేశం తయారయ్యేలోపే అది వీధి దాటేస్తుంది. అందుకే సైరన్‌ను మనిషి చేతికి వదలకుండా గ్యాస్ డిటెక్టర్లకే కలపాలి. అయితే పల్లం వైపు దిగకూడదనీ, గాలివాలుకు అడ్డంగా నడవాలనీ, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలనీ తెలియని జనానికి సైరన్ కూడా వట్టి మోతే. 1997 సెప్టెంబరులో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ పేలుడు చూసిన మల్కాపురంలోనైనా, గోపాలపట్నంలోనైనా, గాజువాకలోనైనా మాక్ డ్రిల్ కంపెనీ గేటు దాటి మీ వీధిలోకి, అదీ రాత్రి పూట రావాలని కలెక్టరును అడగండి. ఆ హక్కు మీకుంది.