ప్రకటనలో ఇరవై, ట్యాంకులో పదమూడు!

తణుకు నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "కారు కొని ఏడు నెలలైంది. లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తుందని ప్రకటనలో చూసి, లెక్కలు వేసుకుని మరీ కొన్నాం. ఇప్పుడు 13 రావడం గగనంగా ఉంది. డ్రైవరు పెట్రోలు తీసి అమ్ముకుంటున్నాడని మావారి అనుమానం. పాత కారు రోజుల నుంచీ, పదకొండేళ్లుగా మా ఇంట్లో మనిషిలా ఉన్నవాడు. వచ్చే నెల మాన్పించేస్తానంటున్నారు. ఏం చేయమంటారు?"

ఆ మనిషిని ఒక్క మాట అనకముందు ఈ పేజీ మీవారికి చదివి వినిపించండమ్మా. 20 అన్నచోట 13 రావడం ఒక్కటే దొంగతనానికి సాక్ష్యం కాదు.

అసలు ఆ 20 ఎక్కడిదో చూద్దాం. అది రోడ్డు మీద పుట్టిన అంకె కాదు. పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. లాంటి పరీక్షా కేంద్రంలో, నాలుగు గోడల మధ్య పుట్టింది. కారు చక్రాలను రోలర్ల మీద నిలబెడతారు. చక్రాలు తిరుగుతాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఏ క్షణంలో ఎంత వేగం ఉండాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. అంతా కలిపి 20 నిమిషాల లోపే. వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. ఏళ్ల తరబడి ఈ పరీక్ష ఏ.సి. ఆపేసే చేశారు. అక్కడ గుంటలుండవు, అడ్డొచ్చే గేదెలుండవు, పెళ్లి బట్టల కోసం బయల్దేరి వెనక సీట్లో ఇరుక్కున్న నలుగురూ ఉండరు.

అలాగని అది అబద్ధమనీ అనలేం. అన్ని కార్లకీ ఒకే పరీక్ష గనక, ఏ కారు ఎక్కువ తాగుతుంది, ఏది తక్కువ తాగుతుంది అని పోల్చుకోవడానికి పనికొస్తుంది. మన ఇంట్లో ఎంత తాగుతుందో మాత్రం చెప్పదు. వంటల పేజీలో 'నలుగురికి సరిపోతుంది' అని రాస్తాం. ఆ నలుగురిలో మీ మరిది ఉంటే సరిపోతుందా? ఇదీ అంతే.

ఇది మన దేశంలోనే ఉన్న తంటా కాదు. ఐరోపాలో 2001లో కంపెనీ లెక్కకీ రోడ్డు లెక్కకీ తేడా సుమారు 9 శాతం ఉండేది. 2015 నాటికి అది 40 శాతం దాకా పెరిగింది. దాంతో పాత పరీక్షను పక్కన పెట్టి, 2017 నుంచి కొంచెం కఠినమైన పరీక్షను తెచ్చుకున్నారు. అమెరికాలో 2008 మోడళ్ల నుంచే ఏ.సి. వేసి, వేగంగా తోలి, చలిలో నడిపి చూసిన లెక్కలు కూడా కలుపుతున్నారు.

అమెరికాలో పిల్లలున్న తల్లులకు ఇక్కడ ఒక మాట. "మావాడు స్పోర్ట్స్ కారు కొన్నాడు, 29 ఇస్తుందట!" అని మురిసిపోకండి. అక్కడ లెక్క గ్యాలనుకు ఇన్ని మైళ్లని. దాన్ని 0.425తో హెచ్చిస్తే మన లీటరు లెక్క వస్తుంది. మాజ్డా మియాటా అని రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారుంది. గేర్లు చేత్తో మార్చే 2019 మోడల్ మీద అంటించే కాగితంలో ఊళ్లో 26, హైవేలో 34, రెండూ కలిపితే 29 అని మూడు అంకెలుంటాయి. మన లెక్కలో సుమారు 11, 14.5, 12.3. ఒక్క కారుకే మూడు లెక్కలన్నమాట! పరుగు కోసం కొన్న బండి గనక, సిగ్నల్ పడగానే ఎగరేసుకుపోయే కుర్రాడికి ఆ 11 కూడా రాకపోవచ్చు. అదే బండి హైవే మీద నిలకడగా తోలేవారికి 14 దాటినా దాటొచ్చు. బండి ఒకటే, పాదమే వేరు.

ఈ అంకెను నమ్మి కోర్టు కెక్కిన ఆవిడ కథ కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో ఒక మహిళ 2006 మోడల్ హోండా సివిక్ హైబ్రిడ్ కొన్నారు. ప్రకటనలో గ్యాలనుకు 50 మైళ్ల దాకా అన్నారు, ఆవిడకు వచ్చింది 30 చిల్లర. వకీళ్లు లేకుండా ఎవరి గోడు వాళ్లే చెప్పుకునే చిన్న దావాల కోర్టుకు వెళ్లారు. 2012 ఫిబ్రవరిలో ఆవిడకు 9,867 డాలర్లు ఇమ్మని తీర్పు వచ్చింది. కానీ కంపెనీ పై కోర్టుకు వెళ్లగా అదే ఏడాది మే నెలలో ఆ తీర్పు కొట్టేశారు. ప్రభుత్వ నిబంధనల ప్రకారం వేసిన అంకె అది, ఫలానా అంత కచ్చితంగా ఇస్తామని మాట ఇచ్చినట్టు కాదు అన్నారు. 'దాకా' అన్న చిన్న మాటలో ఎంత తిరకాసు ఉందో చూడండి.

మరి మనమేం చేయాలి? గ్యాస్ బండ తగిలించిన రోజు కాలెండరు మీద రాసుకుంటాం కదా! ఎన్నాళ్లొచ్చిందో మనకి నోటికి వచ్చు. పెట్రోలుకూ అదే పద్ధతి.

ట్యాంకు నిండా పట్టించండి. పంపు దానంతటది 'టక్'మని ఆగినచోట ఆపించండి, పైన ఒక్క చుక్క వద్దు. మీటరు అంకె రాసుకోండి. మామూలుగా తిరగండి. ట్యాంకు సగం దాటి ఖాళీ అయ్యాక అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ అలాగే నింపించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. 434 కిలోమీటర్లు తిరిగి 31 లీటర్లు పడితే 14 వచ్చినట్టు. ఒక్కసారితో తేల్చేయకండి, మూడుసార్లు చేసి సగటు చూడండి. అదీ మీ ఇంటి అసలు అంకె.

బడ్జెట్టు దానితోనే వేసుకోవాలి. నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లెక్క తేలికగా ఉండటానికి లీటరు 100 రూపాయలనుకుందాం. 20 వస్తే నెలకు 5,000. 14 వస్తే సుమారు 7,140. ఏడాదికి పాతిక వేలు పైమాటే! కారు కొనేముందే ప్రకటన అంకెలో మూడో వంతు తీసేసి లెక్క వేసుకుంటే తర్వాత గుండె దడ ఉండదు.

ఇక మిగిలిన పెట్రోలు ఎక్కడికి పోతోంది? రెండు వీధుల అవతలి బడికి వెళ్లొస్తే ఇంజను వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. చల్లటి ఇంజను ఎక్కువ తాగుతుంది. షాపు ముందు ఏ.సి. వేసుకుని కూర్చుంటే ఒక్క కిలోమీటరూ కదలకుండానే పెట్రోలు కాలుతుంది. టైర్లలో గాలి తగ్గితే బండి ఈడ్చుకుంటూ పోతుంది, పదిహేను రోజులకోసారి చూపించండి. క్లచ్ మీద కాలు పెట్టి తోలే అలవాటు మానాలి. డిక్కీలో పోయిన పండక్కి వేసిన సామాను తీసేయండి.

తణుకు సోదరికి చివరి మాట. ఈ మూడు ట్యాంకుల లెక్క డ్రైవరుతో చెప్పే చేయండి, చాటుగా వద్దు. నింపించేటప్పుడు మీవారిని పక్కన కూర్చోమనండి. బండి తాళాలు రాత్రి ఇంట్లోనే ఉంచుకోండి. మధ్యలో ఒక ఆదివారం మీవారినే తోలమనండి. అంకె అటూ ఇటూగా పదమూడు దగ్గరే నిలిస్తే తప్పు మనిషిది కాదని తేలిపోయినట్టే. నిజంగా తేడా వస్తే అప్పుడు నిలదీయడానికి చేతిలో లెక్క ఉంటుంది. కాగితం మీది అంకెను నమ్మి పదకొండేళ్ల నమ్మకాన్ని పోగొట్టుకోకండి. ఒకరి నోటి దగ్గర కూడు తీసేముందు మూడు ట్యాంకులు ఓపిక పట్టడం పెద్ద పనేం కాదుగా!

మీ ఇంటి బండి ప్రకటనలో ఎంత, పుస్తకంలో ఎంత? లెక్క కట్టి మాకూ రాయండి.