నల్లమలలో ఆపద సంకేతం

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారితో సహా అయిదుగురు ప్రయాణిస్తున్న హెలికాప్టరు నల్లమలలో కూలింది. ప్రభుత్వ యంత్రాంగమంతా గాలించినా శకలాల జాడ మరునాటి ఉదయానికి గాని తెలియలేదు. ఇక కాలినడకన వెళ్లే సామాన్యుని మాటేమిటి?

నేడు అరచేతిలో ఇమిడే ఉపగ్రహ సందేశ పరికరాలు వచ్చాయి. అయితే ఇరుకు లోయలలో, దట్టమైన చెట్ల క్రింద వాటి సందేశం ఆలస్యం కావచ్చు, అసలు అందకనే పోవచ్చు. పైగా మన దేశంలో అనుమతి లేనిదే వాటిని వాడరాదు. సందేశం అందినా, కదలి రావలసినది మనుషులే.

కనుక ఓర్వకల్లు నుండి అహోబిలానికో, శ్రీశైలానికో విహారయాత్రకు వెళ్లే విద్యార్థులు తమ దారిని, తిరిగివచ్చే వేళను వ్రాసి కళాశాలలో ఉంచాలి. వేళ మీరితే ఎవరు కదలాలో కమిటీ ముందే నిర్ణయించాలి. ముందు ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త బోధకు అర్థమిదేనని మా విశ్వాసం.