పక్క సీటులోని మనిషి



గిట్టని మనిషి పక్కన కూర్చుంటే ప్రయాణము ఎంత దూరమవుతుందో మనందరికీ తెలుసు. ఆ అనుభవము మీద అల్లిన అమెరికా హాస్య చిత్రము 'డ్యూ డేట్'. టాడ్ ఫిలిప్స్ దర్శకత్వములో 2010లో వచ్చింది.

పీటర్ (రాబర్ట్ డౌనీ జూనియర్) ముక్కు మీద కోపమున్న ఆర్కిటెక్టు. భార్యకు నెలలు నిండినందున అట్లాంటా నుండి లాస్ ఏంజిలిస్‌కు బయలుదేరాడు. ఈతన్ (జాక్ గలిఫియానకిస్) నటుడు కావాలని కలలు కనేవాడు. అతని నోటికి అదుపు లేదు. అతని మూలముగా ఇద్దరినీ విమానము నుండి దించివేశారు. చేతిలో పర్సు కూడా లేని పీటరుకు ఈతన్ అద్దె కారే గతి అయింది.

ఈ చిత్రము సుమారు 21 కోట్ల డాలర్లు వసూలు చేసింది. విమర్శకులు మాత్రము రెండుగా చీలిపోయారు. నటులిద్దరి జోడీని కొందరు మెచ్చుకున్నారు. జాన్ హ్యూస్ 1987లో తీసిన 'ప్లేన్స్, ట్రైన్స్ అండ్ ఆటోమొబైల్స్' ముందు ఇది వెలవెలబోయిందని మరికొందరన్నారు.

మేము రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించాము. పాత చిత్రములో నీల్ తన తోటి ప్రయాణికుడు డెల్‌ను లాడ్జి గదిలో నోటికొచ్చినట్లు తిడతాడు. అప్పుడు మనకు కనిపించేది డెల్ ముఖములోని బాధ. అంతవరకు నవ్విన మనము సిగ్గుపడతాము. డెల్ భార్య ఎనిమిదేండ్ల క్రితమే చనిపోయిందనీ, అతనికి ఇల్లు లేదనీ చివరకు తెలిసినప్పుడు, నీల్ వెనుకకు వచ్చి అతనిని తన ఇంటికి తీసుకొని వెళ్లడము మనకు సహజముగానే తోస్తుంది.

'డ్యూ డేట్'లో అటువంటి సిగ్గుకు చోటు తక్కువ. పీటర్ ఒక పిల్లవాడిని కొడతాడు, ఈతన్ కుక్క మీద ఉమ్ముతాడు. చిన్ననాడు తండ్రి తనను విడిచిపోయాడని పీటర్ చెప్పుకొంటే ఈతన్ పకపక నవ్వుతాడు. ఒకరి గాయము ఇంకొకరికి వేళాకోళమైన చోట, తరువాత వచ్చే స్నేహము అతికించినట్లుంటుంది. విమర్శకుల అసంతృప్తికి మూలము ఇదేనని మా అభిప్రాయము.

అయినా చిత్రాన్ని పూర్తిగా తీసివేయలేము. ఈతన్ తన తండ్రి అస్థికలను కాఫీ డబ్బాలో పెట్టుకొని తిరుగుతాడు. పొరపాటున దానితోనే కాఫీ కాచి తాగుతారు! గ్రాండ్ కేనియన్ అంచున మిగిలిన బూడిదను గాలిలో కలిపిన తరువాత, పీటర్ పర్సు మొదటి నుండి తన దగ్గరే ఉన్నదని ఈతన్ ఒప్పుకొంటాడు. తండ్రిని పోగొట్టుకున్నవానికి ఆ దారిలో తోడు కావలసి వచ్చింది.

తల్లిదండ్రులకొక మాట. బూతు మాటలు, మత్తు పదార్థములు ఉన్నందున ఇది పిల్లలతో చూడదగినది కాదు. పెద్దలు చూస్తే మాత్రము ఒక ప్రశ్న మిగులుతుంది: మనలను విసిగించే ఆ పక్క సీటు మనిషి చేతి డబ్బాలో ఏమున్నదో మనము ఎప్పుడైనా అడిగామా?