కంటిపాపకు చుక్కలు

షుగరు ఉన్న పెద్దవాళ్లకు చూపు మసకబారితే ముందుగా కళ్లజోడు మీదే అనుమానం. నంబరు మార్పించుకుని, పేపరు చదవగలిగితే నిశ్చింతగా ఉంటారు. కంటి వెనక రెటీనాలో ఏం జరుగుతోందో మాత్రం ఆ అద్దాలు చెప్పవు.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి పెచ్చుగా ఉంటే సన్నని నాళాల గోడలు సడలిపోతాయి. వాటిని అంటిపెట్టుకుని కాపాడే పెరిసైట్ కణాలు ముందుగా నశిస్తాయి. గోడ బలహీనపడిన చోట సూదిమొనంత బుడిపె లేస్తుంది, అందులోంచి నీరు, కొవ్వు, రక్తం ఊరుతుంటాయి. కొన్ని నాళాలు పూడిపోతాయి. ప్రాణవాయువు అందక రెటీనా కొత్త నాళాలను మొలిపించుకుంటుంది. అవి మరీ పెళుసు, చిట్లితే చూపుకు అడ్డంగా రక్తం పేరుకుంటుంది. అంతవరకు నొప్పి లేదు, చాలామందికి చూపూ తగ్గదు. కలవరపెట్టేది ఇదే.

రెటీనా తల్లి కడుపులో మెదడు నుంచే విడివడి ఏర్పడుతుంది. షుగరు వల్ల మెదడు లోపలి సన్నని నాళాలూ ఇలాగే దెబ్బతింటాయి. ఎక్కడో చిన్న భాగానికి రక్తం ఆగుతుంది, ఎవరికీ తెలియదు. అలాంటివి పోగుపడితే నడక మందగిస్తుంది, చిల్లర లెక్క తప్పుతుంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు. రెటీనా దెబ్బతిన్నవారికి పక్షవాతం ముప్పు కూడా ఎక్కువే. మెదడు నాళాల సంగతి తెలియాలంటే స్కానింగ్ కావాలి. కంటి నాళాలను మాత్రం, 1851లో శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోప్ పరికరాన్ని చూపినప్పటి నుంచీ, డాక్టరు కోత లేకుండా నేరుగా చూడగలుగుతున్నారు.

మన దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. టైప్-2 షుగరు బయటపడినప్పుడే ఒకసారి, ఆపైన మామూలుగా ఏటా రెటీనా చూపించుకోవాలి. చక్కెర, బీపీ అదుపులో ఉంచుకుని, వేళకు లేజరో ఇంజెక్షనో అందితే చాలామందికి చూపు నిలుస్తుంది.

మరి ఎందుకు వెళ్లరు? పరీక్షకు చుక్కలు వేస్తారు. కంటిపాప విచ్చుకునేదాకా వరండా బెంచీ మీద కళ్లు మూసుకుని కూర్చోవాలి. బయటికొస్తే ఎండ గుచ్చుకుంటుంది, కొన్ని గంటలు మసకే. చెయ్యి పట్టుకుని బస్సెక్కించే మనిషి కావాలి. కూలికెళ్లే ఇంట్లో అది ఇద్దరి కూలి. దీన్ని నిర్లక్ష్యమనడం అన్యాయం. చుక్కలు లేకుండానే రెటీనా ఫొటో తీసే కెమెరాలున్నాయి. షుగరు మాత్రలకు ఆరోగ్య కేంద్రానికి వచ్చిన రోజే, అక్కడే ఆ ఫొటో తీయించే ఏర్పాటు ప్రభుత్వాలు చేయాలి.