ముట్టుకుంటే భయం!

2000ల్లో అమీర్‌పేట మైత్రీవనం దగ్గర బస్సు దిగినవాళ్లెవరూ ఆ కరపత్రాలను మర్చిపోలేరు. కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా, స్ట్రట్స్, హైబర్నేట్, స్ప్రింగ్... హోటల్ గోడమీది టిఫిన్ల జాబితాలా ఒకదాని కింద ఒకటి! గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన కుర్రాళ్లు ఆ వరసంతా కంఠతా పట్టి ఉద్యోగాలు తెచ్చుకున్నారు. 'మావాడు జావాలో ఉన్నాడు' అని ఇంట్లోవాళ్లు చుట్టాలకు గర్వంగా చెప్పుకున్నారు. అక్కడ ఏం చేస్తాడని అడిగితే మాత్రం... 'ఏదో బ్యాంకు ప్రాజెక్టుట!' అంతకుమించి తెలియదు.

ఆ బ్యాంకు ప్రాజెక్టులో వాడు కొత్తగా రాసేది తక్కువే. ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయినదాన్ని చదివి, ఓ మూల నాలుగు లైన్లు మార్చడమే ఎక్కువ. వినడానికి తేలిగ్గా ఉంటుందిగానీ, అసలు కష్టమంతా అక్కడే. ఇక్కడ మారిస్తే ఎక్కడ ఏది పేలుతుందో తెలియదు. ఆ భయం పోగొట్టుకోవడానికి యాభై ఏళ్లకు పైగా జరిగిన ప్రయత్నమే... కరపత్రంలోని ఆ పేర్లలో చాలావాటి వెనకున్న కథ.

మనందరికీ తెలిసిన ఉదాహరణే చూద్దాం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. 2025 సెప్టెంబరు 22న 12, 28 శాతం శ్లాబులు తీసేసి, చాలా వస్తువుల్ని 5, 18 శాతాల్లోకి తెచ్చారు. సూపర్‌మార్కెట్ బిల్లు నుంచి టీవీ షోరూం ఇన్వాయిస్ దాకా అన్నీ మారాల్సిందే. పన్ను లెక్క ప్రోగ్రామ్‌లో ఒక్కచోటే ఉంటే అరగంట పని. రెండొందల చోట్ల ఉంటే? నూట తొంభైతొమ్మిది చోట్ల మార్చి, మిగిలిన ఆ ఒక్కటీ ఎక్కడుందో తెలియక నిద్ర పట్టదు.

ఈ చిక్కుకు తొలి మందు నార్వేలో దొరికింది. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్లో క్రిస్టెన్ నిగార్డ్, ఓలే యోహాన్ డాల్ కలిసి రూపొందించిన 'సిములా 67'లో క్లాసు, ఆబ్జెక్టు అనేవి మొదటిసారి కనిపించాయి. సమాచారాన్నీ దాంతో చేసే పనినీ ఒకే మూటగా కట్టడమే వాళ్ల ఆలోచన. బీరువా తాళాలు ఇంట్లో ఒకరి కొంగునే ఉన్నాయనుకోండి. డబ్బు కావాల్సిన ప్రతివాళ్లూ ఆమెనే అడగాలి, ఎవరికి వాళ్లు తీసుకోవడానికి లేదు. లెక్క తప్పితే ఎవర్ని అడగాలో కూడా తెలుస్తుంది. బ్యాంకు ఖాతా అనే ఆబ్జెక్టూ అంతే. నిల్వ లోపల ఉంటుంది. 'జమ చెయ్యి', 'తియ్యి' అని దాన్ని అడగాల్సిందేగానీ బయటివాళ్లు నేరుగా చెయ్యి పెట్టకూడదు. ఈ ఆలోచనను 1970ల్లో అమెరికాలోని జిరాక్స్ పార్క్‌లో ఆలన్ కే బృందం 'స్మాల్‌టాక్' రూపంలో చాలా దూరం తీసుకెళ్లింది. 'ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్' అనే మాట కూడా కే పెట్టిందే. ఇంతా చేస్తే నార్వే జంటకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది 2001కి గాను. మరుసటి ఏడాదే రెండు నెలల తేడాలో ఇద్దరూ కన్నుమూశారు.

సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో జావాను విడుదల చేసింది. జేమ్స్ గోస్లింగ్ బృందం దాన్ని మొదలుపెట్టింది టీవీ పెట్టెల్లాంటి ఇంటి పరికరాల కోసం. అది వెళ్లి బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో స్థిరపడింది. అక్కడే తిప్పలు మొదలయ్యాయి. పెద్ద సంస్థల కోసమని 1998లో 'ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్' అనే పద్ధతి వచ్చింది. వాడేవాడు అసలు పని మీద దృష్టి పెడితే చాలు, మిగతా బరువంతా సర్వరే మోస్తుందన్నారు. తీరా చూస్తే ఒక చిన్న పనికి రెండు ఇంటర్‌ఫేసులు, ఒక క్లాసు, వాటిని పరిచయం చేస్తూ మరో ఎక్స్ఎంఎల్ ఫైలు! పావలా కోడికి ముప్పావలా మసాలా అన్నట్టు తయారైంది.

మామూలు జావా ఆబ్జెక్టు రాసుకుంటే పోలేదా? పోయేదే. కానీ ఎవరూ రాసేవారు కాదు. 2000లో ఒక సదస్సుకు సిద్ధమవుతూ మార్టిన్ ఫౌలర్, రెబెకా పార్సన్స్, జోష్ మెకంజీ ఇదే సంగతి చర్చించుకున్నారు. సాదా ఆబ్జెక్టులకు గొప్పగా వినిపించే పేరు లేకపోవడమే లోపమని తేల్చారు. సరే, పేరేగా అని 'పోజో' అని పెట్టేశారు. 'మామూలు పాత జావా ఆబ్జెక్టు' అన్న మాటలకు ఇంగ్లిషు పొడి అక్షరాలవి. అంతే! చూస్తుండగానే అందరి నోటా పోజో. (తెలివైనవాళ్ల రంగమని పేరుగానీ, బోర్డు చూసి కొట్లోకి వెళ్లే అలవాటు అక్కడా ఉంది.)

పేరు పెట్టడం వేరు, పని నడిపించడం వేరు. ఆ రెండోది చేసినవారు రాడ్ జాన్సన్. సంగీతశాస్త్రంలో డాక్టరేట్ చేసి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన ఆస్ట్రేలియన్. జావాబీన్స్ బరువు లేకుండానే పెద్ద వ్యవస్థలు కట్టొచ్చని 2002లో పుస్తకం రాశారు. దానికి తోడు దాదాపు ముప్పైవేల లైన్ల ప్రోగ్రామ్ కూడా ఇచ్చారు. దాన్ని చదివిన యుర్గెన్ హోలర్, యాన్ కారోఫ్ ఇది అందరికీ అందాలని వెంటపడ్డారు. పాత పద్ధతి అనే చలికాలం తర్వాత వచ్చే వసంతమంటూ కారోఫ్ 'స్ప్రింగ్' అని పేరు సూచించారు. 2004 మార్చిలో తొలి పూర్తి వెర్షన్ వచ్చింది.

స్ప్రింగ్ చేసేది మన పెళ్లిళ్లలో చూసేదే. వంటమేస్త్రి బజారుకు వెళ్లడు. ఇన్ని కిలోల బియ్యం, ఇంత నూనె, ఇన్ని గుండిగలు అని చీటీ రాసిస్తాడు. పెళ్లివారే తెచ్చిపడేస్తారు. ఏ కొట్లో కొన్నారన్నది ఆయనకు అనవసరం. అలాగే ఆబ్జెక్టు తనకు కావాల్సినవి చెబుతుంది, స్ప్రింగ్ తెచ్చి చేతికిస్తుంది. రేపు డేటాబేస్ మారినా వంట మారదు. రుచి చూడ్డానికి వెయ్యిమంది సరుకులు కూడా అక్కర్లేదు, పిడికెడు తెచ్చిస్తే చాలు. చివరికి 2006లో జావాబీన్స్ మూడో వెర్షన్ కూడా ఈ సాదా దారికే వచ్చింది.

ఆ రుచి చూసే గరిటె పేరు జేయూనిట్. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా జ్యూరిచ్ నుంచి అట్లాంటా సదస్సుకు వెళ్తూ విమానంలో కూర్చుని రాసిన చిన్న పనిముట్టు అది. ఖాతాలో వెయ్యి ఉంటే పన్నెండొందలు తియ్యనివ్వకూడదు... ఇలాంటివి వందలు రాసిపెట్టుకోవచ్చు. మార్పు చేసిన ప్రతిసారీ అన్నీ నిమిషాల్లో నడుస్తాయి. పచ్చగీత వస్తే నిశ్చింత, ఎర్రగీత వస్తే ఏదో విరిగింది. 2001 నవంబరులో ఐబీఎం ఉచితంగా విడుదల చేసిన 'ఎక్లిప్స్'లో ఇదీ చేరింది. ఒక పేరు మారిస్తే వాడిన చోటల్లా ఎక్లిప్సే మార్చిపెట్టేది. భయపడుతూ చేసే పని మౌస్ క్లిక్కు దగ్గరికొచ్చింది.

పనిముట్లున్నంత మాత్రాన అన్నీ గట్టెక్కలేదు. కెంట్ బెక్ పద్ధతులకు పేరు తెచ్చిన క్రిస్లర్ కార్ల కంపెనీ జీతాల ప్రాజెక్టు 1997లో సుమారు పదివేలమందికి జీతాలు లెక్కగట్టింది. మొత్తం 87 వేలమందికి చేరాల్సింది, 2000 ఫిబ్రవరిలో ఆపేశారు. పద్ధతి మాత్రం దేశదేశాలకూ పాకింది! ఇప్పుడు ప్రోగ్రామ్ లైన్లు కృత్రిమ మేధే గబగబా రాసిస్తోంది. అది రాసిన కొత్త లైను పాతదాన్ని చెడగొట్టిందో లేదో చెప్పడానికి మళ్లీ ఆ పచ్చగీత, ఎర్రగీతలే దిక్కు.

ముట్టుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో 2017లో తెలిసింది. అమెరికాలో జనం అప్పుల చరిత్ర భద్రపరిచే ఈక్విఫాక్స్ సంస్థ ఫిర్యాదుల వెబ్‌సైటు ఒకటి 1970ల నాటి వ్యవస్థ మీద నడుస్తోంది. పైన అతికించింది స్ట్రట్స్... అమీర్‌పేట కరపత్రాల్లోని ఆ పేరుకే రెండో తరం. అందులో పెద్ద లోపం ఉందని మార్చి 7న ప్రకటన, దాంతోపాటే సవరణా వచ్చాయి. 48 గంటల్లో సరిచేయమని సంస్థలో 400 మందికి పైగా ఉద్యోగులకు ఈమెయిలు వెళ్లింది. ఆ ఒక్క వెబ్‌సైటు మిగిలిపోయింది. మే నెలలో దొంగలు లోపలికొచ్చారు. కనిపెట్టాల్సిన కాపలా పరికరం సర్టిఫికెట్ గడువు తీరి అప్పటికే ఏడాది దాటింది. దాన్ని మార్చిన రోజే, జులై 29న, దొంగతనం బయటపడింది. ఈలోపు పోయినవి దాదాపు 14.7 కోట్లమంది వివరాలు. 2019లో ఒప్పందం కింద సంస్థ చెల్లించడానికి అంగీకరించిన మొత్తం కనీసం 57.5 కోట్ల డాలర్లు.