కాలువలోని పురుగులను కూడా అడగండి

చెరువు నీటిలో పురుగు కనిపిస్తే నీళ్ళు పాడైపోయాయి అంటాం. అన్ని పురుగుల విషయంలో ఇది నిజం కాదు. పురుగన్నదే లేని కాలువను చూసి ఇంకా ఎక్కువ భయపడాలని మా అభిప్రాయం.

నత్తలు, ఆల్చిప్పలు, పీతలు, తూనీగ పిల్లలు వెన్నెముక లేని జీవులు. ఇవి నీటి అడుగున బురదలో, గడ్డిలో బ్రతుకుతాయి. చేపలాగా పారిపోలేవు. మురుగు కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు తరిగిపోతుంది. అది ఎక్కువ కావలసిన జీవులు ముందు చనిపోతాయి. చివరకు బురదలో సన్నని ఎర్రపురుగులు మిగులుతాయి. మన రక్తంలో ఉన్నట్టే వాటి ఒంట్లోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే తట్టుకుంటాయి.

బ్రిటన్‌లో ఈ జీవులకు మార్కులు వేసి నదిని పరీక్షిస్తూ వచ్చారు. శుభ్రమైన నీరే కావాలనే వాటికి 10, చాలా రకాల తూనీగ పిల్లలకు 8, ఎర్రపురుగులకు 2. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఇటువంటి పద్ధతిని మన నదులకు తగినట్టు తయారుచేసింది. సీసాలో పట్టిన నీరు ఆ పూట సంగతే చెబుతుంది. రాత్రి వదిలిన విషం తెల్లవారేసరికి కొట్టుకుపోవచ్చు, చచ్చిన నత్తల గుల్లలు మాత్రం ఒడ్డునే ఉంటాయి.

మన సంగతి చూడండి. విజయవాడ మురుగు బుడమేరులో, ఏలూరు మురుగు తమ్మిలేరులో కలిసి కొల్లేరు చేరుతుంది. దానికి వరిచేల మందులు, చేపల చెరువుల నీరు తోడు. కొల్లేరుకు 2002లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది, 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. గట్లు పోయాయి గాని మురుగు ఆగలేదు.

దీనికీ ఆరోగ్యానికీ ఏమిటి సంబంధం అంటారా? తూనీగ పిల్ల దోమపిల్లలను తింటుంది. మురుగూ పురుగుమందూ దాన్ని చంపుతాయి. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమకు మాత్రం మురుగునీరే ఇష్టం. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంత పాతదో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి.

మరొకటి. మొలలకు మంచిదని నత్తమాంసం వండుకునేవారు మనలో ఉన్నారు. (మొలలు తగ్గుతాయన్న రుజువు లేదు, అది వేరే సంగతి.) నత్తలు, ఆల్చిప్పలు నీటిలోని సీసం వంటి లోహాలను ఒంట్లో పోగుచేసుకుంటాయి. ఉడకబెడితే క్రిములు చస్తాయి, సీసం పోదు. మురుగు కలిసే చోట ఏరినవి వండకండి, ముఖ్యంగా గర్భిణులకు, పిల్లలకు పెట్టకండి.

చేపల చెరువు ఖాళీ చేసేటప్పుడు మందు కలిసిన నీటిని తాగునీటి కాలువలోకి తోడకూడదని గ్రామసభలో గట్టిగా అడగాలి. అడగడానికి ఆధారం కావాలి కదా. గణపవరం చుట్టుపక్కల హైస్కూళ్ళలో సైన్సు మాస్టార్లు ఒక దోమతెర గుడ్డ, ఒక తెల్ల పళ్ళెం తీసుకుని, పిల్లలను లోతులేని చోటికి వెంటబెట్టుకు వెళ్ళి, నెలకొకసారి కాలువలో ఏ జీవులున్నాయో లెక్క రాయించవచ్చు. తాగునీటి పరీక్షకు ఇది బదులు కాదు. కాని తూనీగ పిల్లలు ఏ నెలలో మాయమయ్యాయో ఆ పుస్తకంలో ఉంటుంది. పంచాయతీ ముందు ఆ పుస్తకాన్ని పెట్టవచ్చు.